ప్రపంచపు ప్రూఫులు దిద్దేవాళ్లు

బెజవాడ ఏలూరు రోడ్డులో పుస్తకం కొనుక్కుని ఇంటికి పోయేవాడు రచయిత పేరు చూస్తాడు, వెల చూస్తాడు, మహా అయితే ముఖచిత్రం వేసిందెవరో చూస్తాడు. ప్రూఫులు దిద్దినదెవరని అడిగేవాడు నూటికొక్కడు వుండడు. దిద్దేవాడు తన పని సవ్యంగా చేసినన్నాళ్లూ అతనొకడున్నాడన్న సంగతే లోకానికి తట్టదు. మంత్రిగారు సభలో "ప్రసంగించారు" అని వుండవలసిన చోట "ప్రసవించారు" అని పడ్డ రోజున మాత్రం వూరంతా అతన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది.

సీసపు అక్షరాలు పోయాయి, గాలీ ప్రూఫులు పోయాయి. కాని ప్రూఫులు దిద్దే పని మాత్రం పోలేదు. అది కొత్త వేషం వేసుకుని కంప్యూటర్లలో ప్రవేశించింది. ప్రపంచంలో వేలకు వేలమంది, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లోని తప్పులు దిద్దుతున్నారు, వంకరలు సరిచేస్తున్నారు, దుమ్ము దులుపుతున్నారు. వీరిలో కంపెనీల జీతం మీద చేసేవారు కొందరైతే, దమ్మిడీ ఆశించకుండా రాత్రిపూట తీరిక చేసుకుని చేసేవారు ఎందరో. మన కృష్ణా డెల్టా పిల్లలు కూడా ఆ పనిలో వున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఈ గొడవ ఎందుకంటారేమో! ఒక హల్లు విషయమై నా దగ్గరికి సందేహం వచ్చింది. ఆ కథ తరువాత చెబుతాను. ముందు ఈ పని ఏమిటో మనవి చేస్తాను.

తలుపులు తీసిన వంటిల్లు

కంప్యూటరు చేత పని చేయించడానికి మనిషి రాసే ఆజ్ఞల వరుసను కోడు అంటారు. ఇంగ్లీషు మాటలు, అంకెలు, బ్రాకెట్లు కలిపి దాన్ని పంక్తులు పంక్తులుగా రాస్తారు. యంత్రానికి కావలసిన రూపంలోకి అది ఆ తరువాత మారుతుంది. డబ్బిచ్చి కొనే సాఫ్టువేరు చాలా మట్టుకు ఆ మారిన రూపంలోనే మన చేతికి వస్తుంది. హోటలువాడు సాంబారు పోస్తాడు గాని వంటింట్లోకి రానివ్వడు గదా, అట్లాగన్నమాట. ఓపెన్ సోర్సు అనేది తలుపులు తీసిపెట్టిన వంటిల్లు. అందులోని అసలు కోడును ఎవరైనా చదవవచ్చు, ఇంటికి పట్టుకుపోయి మార్చుకోవచ్చు, లైసెన్సులోని షరతులకు లోబడి, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్టువేరును చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ అందరికీ వుండాలంటూ గ్నూ అనే ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు తన సరదా కోసం రాసుకున్న ప్రోగ్రామును అందరి ముందూ పెట్టాడు. అదే లినక్సు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా వున్నది అదే. కాళేశ్వరరావు మార్కెట్టులో వంకాయలమ్మే ఆవిడ చేతిలోని ఫోను కూడా దాని మీదే నడుస్తున్నది. 2025 నాటికి ఆ లినక్సు కోడు సుమారు 4 కోట్ల పంక్తులకు పెరిగింది. అంత గ్రంథానికి ప్రూఫులు దిద్దేదెవరు? అందరూ కలిసి దిద్దవలసిందే.

ఆ దిద్దుబాటుకు ఒక పద్ధతి వున్నది. 2005లో టోర్వాల్డ్సే తయారుచేసిన గిట్ అనే సాధనం ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో లెక్క రాసి వుంచుతుంది. దిద్దదలచినవాడు మూలాన్ని నేరుగా ముట్టుకోడు. "ఇన్ని పంక్తులు తీసేశాను, వాటి బదులు ఇవి పెట్టాను, కారణమిది" అని ఒక ప్రతిపాదన పంపుతాడు. దీన్ని ప్యాచి అంటారు, అనగా అతుకు. ఆ ప్రాజెక్టు బాధ్యత వహించే నిర్వాహకుడు దాన్ని అక్షరమక్షరమూ చదువుతాడు, సందేహాలు అడుగుతాడు, తిప్పి పంపుతాడు, నచ్చితే కలుపుకుంటాడు. ఈ వాదప్రతివాదాలన్నీ బహిరంగంగా జరుగుతాయి. పుస్తకాలకు తప్పొప్పుల పట్టిక చివరి పేజీలో చిన్న అక్షరాలతో, సిగ్గుపడుతూ వుంటుంది. ఇక్కడ తప్పొప్పుల పట్టిక వీధి గుమ్మానికే వేలాడుతూ వుంటుంది.

అర్థం మారకుండా దిద్దడం

కోడును మెరుగుపరచడమంటే కొత్త హంగులు తగిలించడమని చాలామంది అనుకుంటారు. కానే కాదు. ప్రోగ్రాము నిన్న చేసిన పనినే ఇవాళా చేస్తుంది. కాని నిన్నటి కంటె ఇవాళ దాన్ని చదివి అర్థం చేసుకోవడం తేలిక అవుతుంది. ఒకే ముక్క నాలుగు చోట్ల రాసి వుంటే ఒక్క చోటికి చేర్చడం, రెండు వందల పంక్తులు సాగిన కొండవీటి చేంతాడును పది చిన్న ముక్కలు చెయ్యడం, "క", "గ" అంటూ పెట్టిన గుడ్డి పేర్లకు బదులు అర్థమయ్యే పేర్లు పెట్టడం, ఎవరూ వాడని పాత పంక్తులు ఏరివెయ్యడం, ముందుముందు ఎవరైనా పొరపాటు చేస్తే పట్టిచ్చే పరీక్షలు రాసిపెట్టడం, ఇవీ ఇందులోని పనులు.

యంత్రానికి ఈ శుభ్రతతో నిమిత్తం లేదు. ఎంత గజిబిజిగా రాసినా అది మింగుతుంది. శుభ్రత కావలసింది రేపు దాన్ని చదవవలసిన మనిషికి. అందుకే లినక్సులో ఎట్లా రాయాలో చెప్పే నియమావళిని టోర్వాల్డ్స్ స్వయంగా రాసిపెట్టాడు. ఒకదాని లోపల ఒకటిగా షరతులు మూడంతస్తులు దాటితే నీ ప్రోగ్రామును మళ్లీ రాసుకోమని అందులోని సారాంశం. మన వ్యాకరణ పండితులకేమీ తీసిపోడు!

తప్పు చూపినవాడికి బహుమానం ఇచ్చే పెద్దలూ వున్నారు. లెక్కల పుస్తకాలను అందంగా కూర్చడానికి టెక్ అనే ప్రోగ్రామును సృష్టించిన డొనాల్డ్ నూత్ అనే ఆచార్యుడు తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి తప్పుకు 2 డాలర్ల 56 సెంట్లు చొప్పున చెక్కు రాసి పంపేవాడు. ఆ చెక్కులను చాలామంది బ్యాంకులో వెయ్యకుండా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు.

ఇక నా దగ్గరికి వచ్చిన సందేహం సంగతి. మా కాలేజీలో ఇంటరు చదువుకున్న దివిసీమ అమ్మాయి ఒకతె ఇప్పుడు కంప్యూటరు ఇంజనీరింగు చివరి ఏడు చదువుతున్నది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "మాష్టారూ, ౘ, ౙ హల్లులే కదండీ?" అన్నది. సందేహమెందుకమ్మా, హల్లులే, చాప, జాతర అన్నప్పుడు పలికే దంత్యాలు అని చెప్పాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. భారతీయ లిపులకు పనికివచ్చే ఒక చిన్న ఓపెన్ సోర్సు ప్రోగ్రాములో "ఈ అక్షరం హల్లా, అచ్చా" అని తేల్చే ముక్క మూడు చోట్ల మూడు చేతుల మీదుగా రాసి వున్నదట. మూడూ ఒకటే అనుకుని ఒక్కటిగా కలపబోయింది. తీరా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ముక్కకు ౘ, ౙ తెలుసు. తక్కిన రెండిటికీ తెలియవు. యూనికోడు వారు ఆ రెండక్షరాలకూ 2008లోనే స్థానమిచ్చారు. ఒక చోట ఎవరో చేర్చారు. మిగిలిన చోట్లు వున్నాయని వాళ్లకు తెలియదు.

దుమ్ము దులపబోతే గోడలో బీట కనిపించిందన్నమాట. ఇల్లు సర్దేటప్పుడే గదా పోయిన వుంగరాలు దొరికేది!

ఆమె అంతా కలిపి ఒకే ప్యాచిగా పంపింది. ఎక్కడో జర్మనీలో వున్న నిర్వాహకుడు మర్యాదగానే తిప్పికొట్టాడు. "సర్దడం వేరు, దిద్దడం వేరు. రెండూ కలిపితే ఏది ఏమిటో రేపు చదివేవాడికి తెలియదు. విడివిడిగా పంపు" అన్నాడు. విడదీసి పంపింది. పేరు బాగాలేదన్నాడు. మార్చింది. పరీక్ష ఏదీ అన్నాడు. రాసింది. నాలుగోసారికి, మూడు వారాల తరువాత, కలుపుకున్నాడు. తీసేసిన పంక్తులు 41, చేర్చినవి 17. ఆ అమ్మాయి ముఖంలో సంతోషం చూస్తే నాకు ఎమ్మే ఫలితాలు వచ్చిన రోజు జ్ఞాపకం వచ్చింది.

లేఖక దోషం

ఈ సంగతులు వింటున్నంతసేపూ ఇది నాకు ఎరిగిన లోకమే అనిపించింది. తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్నవారికి లేఖక దోషాలు తెలుసు. ఎత్తి రాసేవాడు ఒక పంక్తి దాటవేస్తాడు. లేదా రాసిన పంక్తినే మళ్లీ రాస్తాడు. బందరులో కూడా ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌను దొర చేసినదేమిటి? ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పాఠాలు సరిపోల్చి, శుద్ధప్రతి రాయించాడు. ఆయన 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించడానికి వెనుక వున్నది ఈ చాకిరీయే.

ఎత్తి రాసేవాడు రాసిన పంక్తినే మళ్లీ రాస్తే కావ్యంలో పాఠకుడు నవ్వుకుని ముందుకు పోతాడు. కోడులో అట్లా జరిగితే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో లోకం చూసింది. యాపిల్ కంపెనీ ఫోన్లలో, కంప్యూటర్లలో, అవతలి సైటు నిజమైనదా, దొంగదా అని పరీక్షించే భాగం వున్నది. అందులో "గోటూ ఫెయిల్" అనే పంక్తి, అనగా "పరీక్ష తప్పితే అక్కడికి పో" అనే ఆజ్ఞ, పొరపాటున రెండుసార్లు పడింది. మొదటి పంక్తి ఒక షరతుకు లోబడినది. రెండోది ఏ షరతూ లేకుండా నిలబడిపోయింది. దాంతో ప్రోగ్రాము అక్కడికి రాగానే అసలు పరీక్షను దాటవేసి, "అంతా సవ్యమే" అని చెప్పి బయటపడేది. మధ్యలో దొంగ కూర్చుని, తానే బ్యాంకునని నమ్మించడానికి దారి తెరిచినట్టయింది.

ఆ భాగపు కోడును యాపిల్ బహిరంగంగా పెట్టి వుండడం చేత, సవరణ విడుదలైన వెంటనే ఎక్కడెక్కడివారో దాన్ని చదివి, ఇదుగో ఈ పంక్తి అని వేలు పెట్టి చూపించారు. ప్రతి షరతు కిందా ఒక్క పంక్తే వున్నా దాన్ని బ్రాకెట్లలో పెట్టాలన్నది చాలా ప్రాజెక్టుల్లో వున్న నియమం. చూడడానికి చాదస్తం. ఆ చాదస్తమే వుండివుంటే రెండోసారి పడిన పంక్తి నిరపాయంగా లోపలే పడి వుండేది.

అదే సంవత్సరం ఏప్రిల్ 7న మరో పిడుగు పడింది. ఇంటర్నెట్టులో రహస్యాలు భద్రంగా పోవడానికి లోకమంతా వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్సు ప్రోగ్రాములో తప్పు బయటపడింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. తప్పు చిన్నదే. ఒక కంప్యూటరు మరో కంప్యూటరుతో "నేను పంపే మాటను తిరిగి వినిపించు, దాని పొడవు ఇంత" అంటుంది. నాలుగక్షరాలు పంపి, పొడవు 500 అని అబద్ధమాడితే? అవతలిది కొలిచి చూసుకోకుండా, నాలుగక్షరాల తరువాత తన జ్ఞాపకంలో ఆ పొడవు మేరకు వున్నదంతా, పాస్‌వర్డులతో సహా, కక్కేసేది. 2012 మార్చిలో విడుదలైన ఈ తప్పు రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. సుమారు 5 లక్షల సైట్లు దాని నీడలో వున్నాయని లెక్కతేలింది.

తలుపులు తీసి వున్నంత మాత్రాన ఎవరో ఒకరు చదివే వుంటారనుకోవడం పొరపాటని అప్పుడు తెలిసింది. అంతమంది ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. ఆ తరువాత ఓపెన్ బిఎస్‌డి అనే మరో ప్రాజెక్టువారు ఆ కోడు ప్రతిని తీసుకుని శుద్ధి మొదలుపెట్టారు. మొదటి వారంలోనే 90,000 పంక్తుల దాకా ఏరిపారేశారు. ఎన్నేళ్ల పూడిక!

'జ్ఞా' తెచ్చిన తంటా

ఇదంతా ఇంగ్లీషువారి గొడవ అనుకునేరు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తల్లోకి ఎక్కిన తెలుగు అక్షరం ఒకటున్నది. జ్ఞానంలోని 'జ్ఞా'. జ, ఞ ల సంయుక్తం తరువాత, కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం వచ్చి, ఆపైన దీర్ఘం చేరితే, ఆ వరుసను తెరమీద గీయడం ఐఫోనుకు చేతకాలేదు. ఆ అక్షరం వున్న సందేశం రాగానే వాట్సాప్ వంటివి కుప్పకూలిపోయేవి. అల్లరి పిల్లలు ఒకరికొకరు పంపుకుని వేడుక చూశారు. ఫిబ్రవరి 19న యాపిల్ సవరణ విడుదల చేసింది. ఆ భాగం కోడు బయటివారికి కనిపించేది కాదు కనుక, తెలుగు తెలిసినవారెవరూ లోపలికి వెళ్లి సాయపడే వీలు లేకపోయింది.

అదే పని చేసే ఓపెన్ సోర్సు ప్రోగ్రాము ఒకటున్నది. దాని పేరు హార్ఫ్‌బజ్. తెరచిన అక్షరం అని అర్థం వచ్చేటట్టు పారసీక భాష నుంచి తీసుకున్న పేరు. బెహ్దాద్ ఎస్ఫాబోద్ అనే ఇరాను మూలాల ఇంజనీరు దీన్ని తీర్చిదిద్దాడు. ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలోనూ మనం చదివే తెలుగుకు వత్తులూ గుణింతాలూ సరైన చోట పెట్టేది ఇదే. క కింద ష వత్తు, పైన గుడి, పక్కన దీర్ఘం, ఇవన్నీ ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఇదే.

ఆయనకు తెలుగు రాదు. మరి తన ప్రోగ్రాము తెలుగును సరిగా చూపుతున్నదని ఎట్లా తెలుసుకోవాలి? వికీపీడియా నుంచి ఒక్కొక్క భాష మాటలు సేకరించి, అదివరకే వున్న మరో ప్రోగ్రాము చూపే తీరుతో పోల్చాడు. తెలుగు మాటలు 9,70,000కు పైగా పరీక్షకు నిలబడ్డాయి. ఒక దశలో తేడా వచ్చినవి 20 లోపే! కోడులో మార్పు చేసినప్పుడు, ఈ లక్షల మాటలను మళ్లీ పరీక్షకు పెట్టవచ్చు. ఏదైనా చెడితే వెంటనే తెలిసిపోతుంది. అంత ధైర్యం వున్నది కనుకనే అతను నిర్భయంగా కోడును శుభ్రం చేయగలిగాడు.

ఆ మాటలు ఎక్కడివి? 2003 డిసెంబరులో వెన్న నాగార్జున ప్రారంభించిన తెలుగు వికీపీడియాలో, మన వాళ్లే కూర్చుని తమ వూరిని గురించీ, తమ నదిని గురించీ రాసిన వ్యాసాల్లోవి. రాసినవారికి తమ మాటలు ఇట్లా పరీక్షాధికారులవుతాయని కలలోనైనా తట్టి వుండదు. ఒకరు నాటిన చెట్టు నీడ మరొకరికి!

ఇట్లాంటి పనులు మన వాళ్లు మరికొన్ని చేశారు. స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి సాఫ్టువేరు స్వేచ్ఛను ప్రచారం చేస్తూ, తెలుగులో పనిచేసే లినక్సు కోసం పాటుపడింది. సిలికానాంధ్ర ద్వారా విడుదలైన తెలుగు ఫాంట్లు ఎవరైనా వాడుకుని మార్చుకునే లైసెన్సుతో వచ్చాయి. వాటిలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఒకదాని పేరు మండలి. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మన దివిసీమ మండలి వెంకట కృష్ణారావు గారి పేరు అది.

టీ షర్టు కోసం

మంచిపనికి నకిలీ పుట్టకుండా వుంటుందా? డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే వుత్సవం జరుపుతూ వచ్చింది. ఓపెన్ సోర్సు ప్రాజెక్టులకు నాలుగు దిద్దుబాట్లు పంపినవారికి ఒక టీ షర్టు బహుమానంగా ఇచ్చేవారు. 2020లో ఆ టీ షర్టు కోసం వేలమంది ఎగబడ్డారు. "ఇది ప్రాజెక్టు" అని వున్నచోట "ఇది అద్భుతమైన ప్రాజెక్టు" అని ఒక విశేషణం చేర్చడం, దాన్నే దిద్దుబాటంటూ పంపడం! ఒక వీడియోలో ఇట్లా చేసి చూపితే, చూసినవాళ్లంతా అదే విశేషణం ఎత్తి రాశారు. పంపినవారిలో మన దేశపు విద్యార్థులు చాలామంది. నిర్వాహకులు చెత్త ఎత్తిపోయలేక గగ్గోలు పెట్టారు. ఆ నెల మొదటి వారంలోనే నియమాలు మార్చి, తమంత తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకే వుత్సవాన్ని పరిమితం చేయవలసి వచ్చింది.

ఆ పిల్లలను తిట్టి లాభం లేదు. ఉద్యోగ దరఖాస్తులో చూపించుకోవడానికి సర్టిఫికెట్టు ఎట్లా వస్తుందన్నదే మనం వాళ్లకు నేర్పాం. పక్కవాడి రికార్డు పుస్తకం చూసి ప్రోగ్రాము ఎత్తి రాసి, సంతకం పెట్టించుకుని, మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి, కోడు అన్నది చదవడానికి కూడా వున్నదని ఎవరు చెప్పారు? ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చాక ఎత్తి రాసే శ్రమ కూడా తప్పింది. కర్ల్ అనే ప్రోగ్రామును 1998 నుంచి పోషిస్తున్న స్వీడను దేశస్థుడు డేనియల్ స్టెన్‌బెర్గ్, యంత్రం అల్లిన బూటకపు ఫిర్యాదులు చదవడానికి తన కాలం వృథా అవుతున్నదని 2024లో బహిరంగంగానే మొరపెట్టుకున్నాడు. పంపడానికి క్షణం చాలు. చదివి, అబద్ధమని తేల్చడానికి ఒక మనిషి పూట ఖర్చవుతుంది.

శివారు భూములకు నీళ్లు

ఆ దివిసీమ అమ్మాయి తండ్రి రైతు. పనిమీద బెజవాడ వచ్చి, మా ఇంటికీ వచ్చాడు.

"మూడు వారాలు రాత్రిళ్లు నిద్ర మానుకుని కూర్చుందండి మాష్టారూ! ఎంతొచ్చిందమ్మా అంటే ఏమీ రాదంటుంది. ఎవరికోసమమ్మా అంటే అందరికోసమంటుంది. ఇదేం పనండీ?" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఫీజులు కట్టేది ఆయన. నేను తిరిగి ఒక ప్రశ్న వేశాను.

"కాలవ వదిలే ముందు మీరంతా కలిసి బోదెలో పూడిక తీసుకుంటారు గదా, కూలి ఎవరిస్తారండీ?"

"ఎవరిస్తారండీ! తలా ఇంత వేసుకుంటాం. లేకపోతే మేమే పార పట్టుకుంటాం. మాది శివారు. తియ్యకపోతే చుక్క నీరు రాదు."

"మీ చేను గట్టు వరకే తీసుకోరాదూ?"

"భలేవారే! పైన పూడి వుంటే కింద మాకేం వస్తుందండీ? పైనుంచే తీసుకురావాలి."

మీ అమ్మాయి చేసిందీ అదేనన్నాను. తెలుగు కంప్యూటరు కాలవకు శివారు. పైన ఎక్కడో ఇంగ్లీషు తెలిసినవారు తవ్విన కాలవలో మన ౘ, ౙ లకు నీరందలేదు. అందలేదని పైవాళ్లకు తెలియదు. తెలిసేది శివారు వాడికే. కనుక శివారు వాడే పార పట్టుకుని పైకి నడవాలి.

ఆయన కాసేపు ఆలోచించి అడిగాడు: "మరి ఆ పైనున్న పెద్ద రైతులు కూడా పార పట్టుకుంటారా అండీ, మా చేతే తీయించుకుంటారా?"

ఇంతకన్నా మంచి ప్రశ్న నేను ఏ సభలోనూ వినలేదు. నిజం చెప్పాను. కొందరు పట్టుకుంటారు. లినక్సులో దిద్దుబాట్లు పంపేవారిలో ఎక్కువమందికి ఏదో ఒక కంపెనీ జీతమిస్తున్నది. కాని ఓపెన్ ఎస్ఎస్ఎల్ విషయంలో, దాని మీద కోట్లు గడించిన కంపెనీలు గండి పడేదాకా తిరిగి చూడలేదు. పడిన తరువాతనే, అదే 2014 ఏప్రిల్‌లో, లినక్సు ఫౌండేషను ఆధ్వర్యాన పెద్ద పెద్ద కంపెనీలు కలిసి ఒక నిధి ఏర్పరిచాయి. ఉచితంగా చేసేవారున్నారు గదా అని వారి నెత్తినే కూర్చోవడం న్యాయం కాదు. చేసేవారు కూడా తమ చదువూ, ఆరోగ్యమూ చూసుకుని చెయ్యాలి. ఈ మాట ఆ అమ్మాయికీ చెప్పాను.

మనం డెల్టావాళ్లం. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలైంది 1852లో, పూర్తయింది 1855లో. 1957లో దాని చోటున ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్ట కట్టించిన దొరల పేర్లు మనకు తెలుసు, బ్యారేజీకి పేరైన పంతులుగారు తెలుసు. తూములు కనిపెట్టుకుని వున్న లస్కర్ల పేర్లు ఎవరికి తెలుసు? 2024 సెప్టెంబరులో బుడమేరు కాలవ గట్టుకు గండ్లు పడి సింగునగరు వైపు ఇళ్లు మునిగిపోయినప్పుడు, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. గండి పూడ్చినవారిని వూరంతా చూసింది. గండి పడని చోట గట్టు ఎవరు చూసుకున్నారో ఎవరికీ తెలియదు. ఎక్కడా ఏమీ జరగకపోవడమే వారి పనికి గుర్తు.

మొదలు పెట్టదలచినవారికి

ఇంట్లో కంప్యూటరు చదువు చదివే పిల్లలున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. పిల్లలు తాము నిత్యం వాడే ప్రోగ్రామునే ఎంచుకోవాలి. చేను ఎరిగినవాడికే బోదె తెలుస్తుంది. రాయడానికి ముందు నెల రోజులు చదవాలి: ఆ ప్రాజెక్టు నియమావళినీ, ఇతరులు పంపిన దిద్దుబాట్లనూ, వాటికి వచ్చిన విమర్శలనూ. కొత్తవారికి తగినవని నిర్వాహకులే గుర్తుపెట్టి వుంచిన చిన్న పనులు వుంటాయి, వాటితో ప్రారంభించాలి. ఒక్కొక్క ప్యాచిలో ఒక్క మార్పే పెట్టాలి. తిప్పికొడితే చిన్నబుచ్చుకోరాదు. మన వ్యాసాన్ని ఒక పరాయివాడు అక్షరమక్షరం చదివి తప్పులు చూపడం ఏ విశ్వవిద్యాలయంలోనూ డబ్బిచ్చినా దొరకని చదువు.

కోడు రానివారికి కూడా ఇందులో చోటున్నది. అక్షరదోషాలు పట్టే నిఘంటువులు, అనువాదాలు, ఫాంట్ల పరీక్షలు, వీటికి కావలసింది తెలుగు చక్కగా తెలిసినవాళ్లు. ఎమ్మే తెలుగు చదివి ఏం చేస్తావని మా విద్యార్థులను బంధువులు అడుగుతూ వుంటారు. ఒక జవాబు ఇదీ అని నేను చెబుతున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో దిద్దుబాటు మీద కూర్చుంది. ఈసారి బండి 'ఱ' సంగతేమిటో తేల్చుకోవడానికి ఆదివారం వస్తానని కబురు పెట్టింది.